స్టేషన్ కట్టే ముందు గుమ్మాలు లెక్కపెట్టండి

విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్‌కు 2015 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఆగస్టులో వచ్చే కృష్ణా పుష్కరాల నాటికి సిద్ధం చేస్తామన్నారు. చివరికి దాని మీద బండ్లు తిరిగింది 2020 అక్టోబరులో. ఆ ఐదేళ్లూ మేం భవానీపురంలోనే ఉన్నాం. కొండ కింద దారి మూసినప్పుడల్లా చిట్టినగర్ సొరంగం వైపు తిరిగి ఊళ్లోకి వెళ్లేవాళ్లం. చుట్టు తిరగడం పెద్ద బాధ అనిపించలేదు. అలవాటైపోయింది. అమ్మను సూర్యారావుపేటలో డాక్టరుకు చూపించి తిరిగి వచ్చేటప్పుడు, ఆటో మా సందు మొగ దాకా రాలేక దూరంగా ఆగిపోయేది. అక్కడి నుంచి రేకుల గోడకీ మురుగుకాలువకీ మధ్య మిగిలిన కంకర మీద మోకాళ్ల నొప్పులున్న మనిషిని చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఇప్పటికీ మర్చిపోలేనిది ఆ కాస్త దూరమే.

ఆ సంగతి ఇప్పుడు ఎత్తడానికి కారణం మెట్రో. విజయవాడ మెట్రో మొదటి దశకు 38.4 కిలోమీటర్లతో, 11,009 కోట్ల రూపాయల అంచనాతో తయారైన డీపీఆర్‌ను (పూర్తి ప్రాజెక్టు నివేదికను) రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదించింది. ఒక కారిడార్ గన్నవరం నుంచి రామవరప్పాడు, ఏలూరు రోడ్డు మీదుగా నెహ్రూ బస్టాండుకు వస్తుంది. రెండోది బస్టాండు నుంచి బందరు రోడ్డు మీదుగా పెనమలూరు వెళ్తుంది. ఇది స్తంభాల మీద నడిచే మెట్రో. ఏలూరు రోడ్డులో షాపులున్న నా స్నేహితులు మాత్రం కలిసినప్పుడల్లా ఒకటే అంటారు: "భూమి లోపల నుంచి తీసుకెళ్తే మాకీ టెన్షన్ ఉండదు కదా?"

టెన్షన్ ఉంటుంది. భూగర్భ మెట్రోలో సొరంగం తవ్వే యంత్రం లోపల పని చేసుకుపోతుంది, సాధారణంగా పైన రోడ్డుకు దానితో పెద్దగా పని ఉండదు. రోడ్డును ఏళ్ల తరబడి ఆపేది స్టేషనే. రెండు వందల మీటర్లకు పైగా పొడవు, ఇరవై మీటర్లకు పైగా వెడల్పు ఉన్న పెద్ద గొయ్యి తీస్తే గానీ స్టేషన్ రాదు. ఏలూరు రోడ్డులో ఏ సెంటర్ దగ్గరైనా నిలబడి అంత గొయ్యిని ఊహించుకోండి. షాపు మెట్ల దాకా వస్తుంది. చెన్నై అన్నా సాలైలో భూగర్భ స్టేషన్లు కట్టినప్పుడు ఆ రోడ్డు కొన్నేళ్ల పాటు వన్‌వేల మీదే బతికింది. 2017 ఏప్రిల్‌లో సొరంగం పని జరుగుతున్న చోట రోడ్డు కుంగి ఒక సిటీ బస్సు, ఒక కారు గోతిలో పడ్డాయి. కలకత్తా బౌబజార్‌లో 2019 ఆగస్టులో యంత్రం భూగర్భ జలాన్ని తాకింది. పైన ఇళ్లు బీటలు వారి, జనం కట్టుబట్టలతో బయటికి రావాల్సి వచ్చింది. కృష్ణ ఒడ్డున, మూడు కాలవల మధ్య ఉన్న మన ఊళ్లో కాస్త లోతు తవ్వితే నీళ్లు పడతాయి. భూగర్భమైతే చాలు కష్టం తప్పుతుందనుకునే వాళ్లు ఈ రెండు ఊళ్ల అనుభవాన్ని ఒకసారి చూడాలి.

కష్టాన్ని తగ్గించే పద్ధతులు లేకపోలేదు. పోలవరం వార్తల వల్ల డయాఫ్రమ్ వాల్ అనే మాట మనందరికీ తెలిసిపోయింది. భూమి లోపలికి లోతుగా దించే కాంక్రీటు గోడ అది. భూగర్భ స్టేషన్‌కూ ముందు అలాంటి గోడలే దించుతారు. గొయ్యి మొత్తం తవ్వి అడుగు నుంచి పైకి కట్టుకుంటూ వస్తే పని ముగిసేదాకా రోడ్డు ఉండదు. అలా కాకుండా రోడ్డులో ఒక సగం మూసి, గోడలు దించి, ముందుగా పైకప్పు పోసి, దాని మీదికి బండ్లను మళ్లించి, రెండో సగం మొదలుపెట్టవచ్చు. పైన ట్రాఫిక్ నడుస్తుంటే కింద మట్టి తీస్తుంటారు. ముంబై మెట్రో మూడో లైన్‌లో కొన్ని స్టేషన్ల దగ్గర గొయ్యి మీద ఉక్కు దూలాలు, పలకలు పరిచి వాటి మీదుగా వాహనాలు పంపారు. దీనికి ఖర్చు ఎక్కువ, సమయమూ పట్టవచ్చు. పైకప్పు ముందా, గొయ్యి ముందా అన్నది ఇంజనీర్ల సొంత వ్యవహారంలా తేల్చేస్తారు. ఆ ఒక్క నిర్ణయం మీద ఆ వీధి బతుకు ఆధారపడి ఉంటుంది కాబట్టి, అది వీధిలో వాళ్ల ఎదుట జరగాలి.

స్తంభాల మెట్రో అయినా రోడ్డు నడుమ రేకుల గోడ కడతారు. స్టేషన్ దగ్గర మెట్లకు, లిఫ్టులకు ఫుట్‌పాత్‌లే తవ్వాలి. పైన దూలాలు ఎత్తే రాత్రి రోడ్డు పూర్తిగా మూయాలి. నా అభ్యంతరం మూయడం మీద కాదు. మూసేటప్పుడు బండ్లు ఎటు పోవాలన్నదే మన లెక్కలో ఉంటుంది, మనుషులు గుమ్మం దాకా ఎలా చేరాలన్నది ఉండదు. డైవర్షన్ మ్యాప్‌లో బాణం గుర్తులు చాలా కనిపిస్తాయి. ఫలానా ఆసుపత్రికి స్ట్రెచర్ ఏ వైపు నుంచి వస్తుంది, ఫలానా బడి పిల్లలు ఎక్కడ రోడ్డు దాటతారు, ఆపేసిన బస్టాపు ఎన్ని అడుగులు జరిగింది, గ్యాస్ బండి ఏ సందులోంచి వస్తుంది? ఒక్కదానికీ బాణం ఉండదు.

సూర్యారావుపేట, గవర్నర్‌పేట అంతా ఆసుపత్రులే. గుంటూరు, కృష్ణా, ఏలూరు జిల్లాల పల్లెల నుంచి బస్సు దిగి రిపోర్టుల సంచీ పట్టుకుని నడిచి వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్ల ఫోన్‌కు ట్రాఫిక్ పోలీసుల మెసేజ్ రాదు. దారి తెలియని మనిషికి రేకుల మీద పెద్ద తెలుగు అక్షరాల్లో "ఆసుపత్రులకు ఇటు" అన్న బోర్డు, దాని కింద రెండు మీటర్ల చదునైన నడకదారి, రాత్రి వెలిగే దీపం ఉంటే చాలు. ఆ నడకదారి సిద్ధమయ్యాకే బారికేడ్ పెట్టాలి. మన దగ్గర బారికేడ్ ముందు వస్తుంది, నడకదారి ఎవరో పడ్డాక వస్తుంది. ఈ వరస మారాలి.

షాపుల సంగతీ అంతే. బీసెంట్ రోడ్డుకు పండగ ముందు వచ్చే కస్టమరు, దుకాణం కనిపించకపోతే ఇంకో చోటికి వెళ్తాడు, మళ్లీ రాడు. సొంత బిల్డింగ్ ఉన్న యజమాని ఏడాది ఓపిక పట్టగలడు. అద్దెకున్న టైలరు, జిరాక్సు షాపు, టిఫిన్ బండి మూడు నెలలు పట్టలేరు. నష్టపరిహారం మాట వస్తే స్థలం పోయిన వాళ్ల పేర్లే రాస్తారు, గిరాకీ పోయిన వాళ్లను రాసుకునేవారు ఉండరు.

డైవర్షన్ల గురించి ఇంకో మాట. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ, రైలు పట్టాలు ఈ ఊరిని ముక్కలు చేశాయి. మ్యాప్‌లో ఏలూరు రోడ్డుకు బదులు బందరు రోడ్డు, సత్యనారాయణపురం మీదుగా బీఆర్‌టీఎస్ రోడ్డు కనిపిస్తాయి. వాటికి చేరాలంటే కాలవ వంతెనలు దాటాలి. ఒక వంతెన మీద లారీ ఆగితే అటూ ఇటూ ఊరు ఆగుతుంది. కాబట్టి ఇక్కడ లెక్క వంతెనలతో మొదలుకావాలి. రెండు కారిడార్లలో ఒకేసారి రోడ్లు మూస్తే ప్రత్యామ్నాయ దారి అనే మాటకే అర్థం ఉండదు.

క్యాలెండరూ చూసుకోవాలి. దసరా పది రోజులు, భవానీ దీక్షల విరమణ సమయంలో బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టూ మూసివేతలు పెట్టకూడదు. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మేరీమాత ఉత్సవాలకు లక్షల మంది నడిచి వస్తారు, అదే దారిలో మెట్రో స్టేషన్ వస్తుంది. ఇక వానాకాలం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదతో సింగ్‌నగర్ ఎన్ని రోజులు నీళ్లలో ఉందో ఇంకా కళ్ల ముందే ఉంది. తవ్వకం కోసం మురుగుకాలువలు తాత్కాలికంగా మూస్తే, మొదటి పెద్ద వానకే పక్క వీధులు నిండుతాయి. డ్రైను మళ్లించిన తర్వాతే తవ్వకానికి అనుమతి ఇవ్వాలి.

రూల్స్ లేవని కాదు. రోడ్డు పనుల దగ్గర ముందు హెచ్చరిక ఎంత దూరంలో ఉండాలి, లేన్లు ఎలా కుదించాలి అన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ 55 మార్గదర్శకాల్లో రాసే ఉంది, 2014లో వాటిని సవరించారు కూడా. లండన్‌లో 2012 నుంచి రద్దీ రోడ్ల మీద రద్దీ వేళల్లో లేన్ మూసి పని చేసేవాళ్ల నుంచి రోజుకు 2,500 పౌండ్ల దాకా అద్దె తీసుకుంటున్నారు. రోజు గడిచిన కొద్దీ జేబు తడుముకోవాల్సి వస్తే పని లేకుండా రేకులు నిలబెట్టరు. మన కాంట్రాక్టులో కూడా నడకదారి, దీపాలు, అక్కడ నిలబడి దారి చూపే మార్షల్స్ జీతాలు విడిగా లెక్కకట్టి, చేస్తేనే బిల్లు ఇవ్వాలి. పని జరగని రోజున మూసి ఉంచిన ప్రతి లేన్‌కూ కోత పెట్టాలి.

వీటన్నిటి కంటే ముందు కావాల్సింది ఒక నోట్‌బుక్. పని అప్పగించే ముందు మెట్రో ఇంజనీరు, ట్రాఫిక్ సీఐ, కార్పొరేషన్ ఉద్యోగి, ఆర్టీసీ డిపో నుంచి ఒకరు కలిసి స్టేషన్ వచ్చే ప్రతి చోటా అటు అర కిలోమీటరు, ఇటు అర కిలోమీటరు నడవాలి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి అడగాలి: మీ దగ్గరికి ఎవరు వస్తారు, ఏ వేళలో వస్తారు, సరుకు ఎలా దిగుతుంది, నడవలేనివాళ్లు ఉన్నారా అని. ఆ జాబితాను ఆ వార్డు సచివాలయం గోడకు అంటించాలి. రేకులు లేచిన రోజున ఆ జాబితాలోని ప్రతి గుమ్మానికీ దారి ఉందో లేదో ఆ నలుగురే మళ్లీ నడిచి చూసి సంతకం పెట్టాలి. ఒక్క గుమ్మానికి దారి లేకపోయినా ఆ రోజు పని మొదలుకాకూడదు.