ట్యాగ్ వేసినంత మాత్రాన విడుదల పూర్తి కాదు

పరీక్షలన్నీ నెగ్గాక గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే సాధనంలో) ట్యాగ్, అంటే ఆ వెర్షన్‌కు గుర్తుగా ఒక పేరు, వేస్తే కొత్త వెర్షన్ విడుదలైనట్టేనని సాఫ్ట్‌వేర్ విడుదలల గురించిన ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త మాటతో పూర్తిగా ఏకీభవించలేను. చాలా ప్రాజెక్టుల్లో వాడుకరులు ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీలు తయారుచేసేవారు తీసుకునేది గిట్‌లో కోడ్ ఉండే రిపాజిటరీని కాదు, విడుదల కోసం ఫైళ్లన్నిటినీ ఒక్కటిగా మూటకట్టి విడిగా తయారుచేసిన టార్ ఫైలును; ఆ రెండింటినీ పోల్చి చూసేవారు అరుదు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ యుటిల్స్ (డేటాను కుదించే సాఫ్ట్‌వేర్) ఉదంతం అందుకు నిదర్శనం. 5.6.0, 5.6.1 వెర్షన్ల టార్ ఫైళ్లలో మాత్రమే ఉండి, గిట్‌లో లేని ఒక ఎం4 స్క్రిప్టు (బిల్డ్‌ను సిద్ధం చేసే చిన్న ప్రోగ్రామ్), పరీక్షల కోసమన్నట్టు పెట్టిన ఫైళ్లలో దాచిన హానికరమైన కోడ్‌ను బిల్డ్ సమయంలో, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు, ఇతర ప్రోగ్రాములు వాడుకునే దాని లైబ్రరీలోకి ఎక్కించింది. ఫైలుపై ఉన్న డిజిటల్ సంతకాన్ని తనిఖీ చేసినా పట్టుబడేది కాదు, ఎందుకంటే సంతకం చేసినది నిర్వహణ హక్కులున్న వ్యక్తే. అందువల్ల విడుదల ఫైలును నిర్వాహకుడి సొంత కంప్యూటర్‌లో కాకుండా ట్యాగ్ నుంచి అందరికీ కనిపించే పద్ధతిలో కట్టాలి. అదే ట్యాగ్ నుంచి మరొకరు కట్టినా ఒక్క బైటు తేడా రాకూడదు.

కొత్త వెర్షన్‌తో పాటు ఇచ్చే మార్పుల జాబితా గురించి వ్యాసం ఒక్క వాక్యంతో సరిపెట్టడం కూడా లోపమే. ఉదాహరణకు, 2.4.1 నుంచి 2.4.2కు మారినవారు, చివరి అంకె మాత్రమే మారింది కాబట్టి అది చిన్న సవరణేనని నమ్ముతారు. అందులో ఒక కాన్ఫిగరేషన్ ఆప్షన్‌ను తొలగించి, జాబితాలో మాత్రం “చిన్నపాటి మెరుగుదలలు” అని రాసి ఊరుకుంటే (ఇలా రాసేవారు తక్కువేమీ కాదు) సర్వర్ ఎందుకు మొరాయించిందో వెతుక్కునే భారం వాడుకరిపైనే పడుతుంది.