రాబోయే కార్ట్రిడ్జి అల్లుడుగారికి

చిరంజీవి కార్ట్రిడ్జి అల్లుడుగారికి మామగారు ఆశీర్వదించి రాయునది ఏమనగా,

ఇచ్చట మేమంతా క్షేమం. మీరు ఫలానా అని ఇంకా తేలలేదు కాబట్టి మీ క్షేమం ఎవర్ని అడగాలో తెలియడం లేదు. మా ఇంటి రికార్డు ప్లేయర్ పిల్లకి, ముల్లుతో రికార్డు గాడిలోంచి పాట తీసే మీలాంటి కార్ట్రిడ్జి కోసం మూడు నెలలుగా సంబంధాలు చూస్తూనే ఉన్నాను. మా పెద్దమ్మాయి పెళ్లి ఆరు వారాల్లో కుదిరింది.

ముందు పిల్ల సంగతి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2. ఆ మోడల్ 1979లో వచ్చింది. మా మేనమామ 1984లో కువైట్ నుంచి దిగుతూ రెండు పులిబొమ్మ దుప్పట్ల మధ్య చుట్టి తెచ్చాడు. పన్నెండు కిలోల పైచిలుకు మనిషి. నలభై దాటినా నడకలో తేడా లేదు. పళ్లెం అంచు మీద ఎర్ర దీపం పడితే అక్కడి చుక్కలు బొట్టు పెట్టినట్టు కదలకుండా నిలబడతాయి.

ఇది రెండో సంబంధం అని దాచను. మొదటాయన షూర్ ఎం75. నెమ్మదస్తుడు, ఏ రికార్డు పెట్టినా వంక పెట్టేవాడు కాదు. ముల్లు అరిగింది. కొత్త ముల్లు తెద్దామంటే పుట్టింటివాళ్లు 2018లో ఆ వ్యాపారమే ఎత్తేశారు. ఆ తర్వాత రెండేళ్లకి ఒక దుకాణంలో సీలు విప్పని ‘ఒరిజినల్’ దొరికింది. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చూస్తే పెట్టె మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తక్కువ. అది పెట్టి పాడిస్తే ఘంటసాల గారికి జలుబు చేసింది.

మీ వాళ్లలో జాతకాలు చూడందే అడుగు పడదని అప్పుడే తెలిసింది. మిమ్మల్ని మోసే కడ్డీ పిల్ల చెయ్యి. ఆ చేతి బరువూ (తూకం బరువు కాదు, కదిలేటప్పటి బరువు) మీ బరువూ కూడాలి. ముల్లు పట్టు ఎంత మెత్తనో చెప్పే అంకె ఒకటుంది, దాంతో హెచ్చవెయ్యాలి. వర్గమూలం తీసి, 159ని దానితో భాగించాలి. వచ్చేది మీరిద్దరూ కలిసి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతారో చెప్పే అంకె, అంటే హెర్ట్‌జ్. అది 8కీ 12కీ మధ్య పడితే శుభం. అంతకన్నా దిగితే వంకర రికార్డు మీద మీరు గెంతుతారు, నేను గదిలో నడిచినా ఉలిక్కిపడతారు. ఎక్కితే మృదంగం కింది మోతలో వేలు పెడతారు.

డెనాన్ డీఎల్-103 జాతకం వేశాను. 1960ల్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం పుట్టిన వంశం, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లెక్క 15 దాటింది. అష్టమ శని అనుకుని పక్కన పెట్టేశాను. జపాన్‌లో ఆ మెత్తదనాన్ని 100 హెర్ట్‌జ్ దగ్గర కొలుస్తారని తర్వాత తెలిసింది. మన లెక్కకి కావలసింది 10 దగ్గరిది, సుమారు రెట్టింపు వేసుకోవాలి. వేసుకుంటే 11 దగ్గరికి దిగింది. పూర్వగణితంలో కుదరని ముహూర్తం దృగ్గణిత పంచాంగంలో కుదిరినట్టు.

జాతకం కలిసింది గానీ లాంఛనాలు వినండి. ఆయన సంపాదన 0.3 మిల్లీవోల్టు. మామూలు మూవింగ్ మాగ్నెట్ (లోపల అయస్కాంతం కదిలే రకం) కుర్రాడు మూడు నుంచి ఐదు దాకా తెస్తాడు. ఈయన మూవింగ్ కాయిల్ (తీగచుట్ట కదిలే రకం), మాట పైకి రాదు. వినబడాలంటే మధ్యలో ట్రాన్స్‌ఫార్మరో, అదనపు ఆంప్లిఫయరో పెట్టాలి. నేను చూసిన ట్రాన్స్‌ఫార్మర్లేవీ ఆయన ఖరీదుకి తీసిపోవు. అల్లుడికి బండి పెట్టడం ఎరుగుదును, గొంతు పెట్టడం ఇదే వినడం. పోనీ ముల్లు అరిగితే ముల్లు మారుస్తామా అంటే అదీ లేదు, మనిషినే మార్చాలి.

ఆర్టోఫోన్ 2ఎం ఇంట్లో ఎరుపు, నీలం అన్నదమ్ములది ఒకటే ఒళ్లు. ఎర్ర ముల్లు లాగేసి నీలం ముల్లు తొడిగితే తమ్ముడు అన్నయిపోతాడు. తమ్ముణ్ణి తెచ్చుకున్నవాడికి అన్న అయ్యేదాకా నిద్ర పట్టదని తెలిసినవాళ్లే చేసిన ఏర్పాటు అది. ఆడియో-టెక్నికా వీఎం95 వాళ్లైతే ఒక్క ఒంటికి ఆరు ముళ్లు పెట్టారు. అందులో షిబాటా అని ఒకటి. 1970ల్లో నాలుగు స్పీకర్ల రికార్డుల కోసం చెక్కిన మొన అది. ఆ రికార్డులు కాలం చేశాయి, మొన బతికింది. మా ఇంట్లో ఉన్నవి రెండు స్పీకర్లు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి పటం.

ఇంతా చేసి ఇంట్లో పాటలు వినేది మా అమ్మ. ఆవిడవి 1960ల నాటి 45 ఆర్‌పీఎం రికార్డులు, అన్నీ మోనో. మోనో గాడిలో పాట పక్కవాటుకే ఊగుతుంది. పైకీ కిందికీ మీకేమైనా తగిలితే అది దుమ్మూ, అరుగుదలా. అంటే స్టీరియో అల్లుడిగా మీరు మా అమ్మ రికార్డులోంచి అదనంగా వెలికితీసేది చెత్త ఒక్కటే. “ఇంత సన్నమొన దేనికిరా?” అంది. “వివరం కోసమమ్మా” అన్నాను. “ఒరేయ్, నేను వంటింట్లోంచి వింటాను” అంది.

ఇక్కడొక సంగతి. మీ అత్తగారి దగ్గర అనకండి.

ఈ సంబంధాల వేట మొదలైందే ఎడమ స్పీకరు మూగబోయిందని. మొదటాయన పని అయిపోయిందని ఇంట్లో అందరికీ చెప్పాను. మూడు వారాల కిందట ఆదివారం, బరువు చూద్దామని హెడ్‌షెల్ (చేతి చివర కార్ట్రిడ్జిని బిగించే తొడుగు) విప్పాను. వెనక నాలుగు చుక్కలంత ఇత్తడి మొనలు, కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి. మనవడి పెన్సిలు వెనకున్న రబ్బరుతో ఒక్కొక్కటీ రుద్దాను. మెరుపు వచ్చింది. బిగించి రికార్డు పెట్టాను. ఎడమ వైపు నుంచి వీణ, మీటు మీటూ విడివిడిగా. జలుబు మాత్రం అలాగే ఉందనుకోండి, ముల్లు దొంగది కదా. పది నిమిషాలు అలా కూర్చున్నాను. తర్వాత లేచి హెడ్‌షెల్ కాస్త వదులు చేశాను. ఎడమ స్పీకరు మళ్లీ గరగరమని ఆగిపోయింది. మీ అత్తగారు తలుపు దగ్గర నుంచి, “పాపం, ఇంక లాభం లేదేమోనండీ, ఆ కొత్తదేదో తెప్పించుకోండి” అంది.

కాబట్టి తెప్పిస్తున్నాను. వీఎం95లో మైక్రోలీనియర్ మొన ఉన్న మీరే ఖాయం. పై పంచాంగంతోనే వేస్తే 8కి కాస్త పైన పడ్డారు. మీరు వచ్చాక ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నీలం తీగలు నాలుగూ పట్టకారుతో తొడుగుతాను, ఊపిరి బిగబట్టి ఉండండి, నా చెయ్యి వణుకుతుంది. పిల్లతోపాటు వచ్చిన తెల్ల ప్లాస్టిక్ కొలబద్ద మిమ్మల్ని 52 మిల్లీమీటర్ల దగ్గర కూర్చోమంటుంది. 1941 నాటి బేర్‌వాల్డ్ లెక్క ఇంకాస్త ముందుకు జరగమంటుంది. ఆ తగువు మనిద్దరం రాత్రిళ్లు తీరిగ్గా తేల్చుకుందాం.

కొరియర్ కుర్రాడు పగలు రెండింటికీ నాలుగింటికీ మధ్య వస్తాడు. నేను లేకపోతే మీ అత్తగారే సంతకం పెడుతుంది. పెట్టె మీద ధర చీటీ ఉంటే గుమ్మం బయటే పీకేసి లోపలికి రండి.

ఇట్లు,
మీ కాబోయే మామ