చుక్కల ప్రదక్షిణం

కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. విండోస్ 8తో 2012లో మొదలైన ఈ ప్రదక్షిణం ఏ మొక్కు తీర్చడానికో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. దీన్ని మినిమలిజం, అంటే హంగులేని సాదాతనం, అనాలట.

అలంకారాల కాలం మాత్రం ఏం ఉద్ధరించింది? విండోస్ 95లో నీలాకాశం, మబ్బులు. ఎక్స్‌పీలో మూడు నీలం గడులు అటు నుంచి ఇటు పరుగెత్తేవి. పని ఎంతవరకు వచ్చిందన్న సంగతితో వాటికి సంబంధమే లేదు.

ఇక ఏదైనా ఆఫీసు కౌంటర్ దగ్గరికి వెళ్లి చూడండి. గుమాస్తా తెరను కాస్త జనం వైపు తిప్పుతాడు, తప్పు తనది కాదని రుజువుగా. "ఎంతసేపు బాబూ?" అని సర్టిఫికెట్ కోసం వచ్చిన పెద్దాయన. "తిరుగుతోంది కదండీ, వచ్చేస్తుంది." చుక్కల వేగం పెరిగిందని వెనకాయన ప్రకటిస్తాడు. పక్కాయన ఒప్పుకోడు. క్యూ రెండు పార్టీలవుతుంది. ఇంతలో అప్‌డేట్లు 30 శాతం అయ్యాయని, కంప్యూటర్ ఆపొద్దని తెర మీద పడుతుంది. గుమాస్తా టీకి లేస్తాడు. శాతం మారితే కేకెయ్యమని ఓ కుర్రాడికి డ్యూటీ పడుతుంది.

నాకు నచ్చిన అలంకారం ఒక్కటే: విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్, మొదలయ్యేటప్పుడు పైన వరుసగా నిలబడే పెంగ్విన్లు. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉంటే అన్ని బొమ్మలు. కింద ఏ సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రాం) లేచిందో, ఏది మొరాయిస్తోందో పేరుతో సహా కనిపించేది. లినక్స్‌లోనే ఒక రకమైన ఫెడోరా 10 వాళ్లు 2008లో దానికీ ప్లిమత్ అనే బొమ్మల ముసుగు వేశారు. ఎస్కేప్ నొక్కితే తొలగే ముసుగు కాబట్టి క్షమించాను.

మిగతావాళ్లను ఎందుకు క్షమించాలి? డబ్బు పోసి కొన్నది మనం. లోపల డిస్కు చస్తున్నా అవే చుక్కలు, అప్‌డేట్ అయినా అవే చుక్కలు! పిల్లల ఫొటోలు, పదేళ్ల లెక్కలు అందులో ఉన్నాయి. "డిస్కు చదవలేకపోతున్నాను" అని ఒక్క లైను రాస్తే తెర అందం చెడిపోతుందా? అంతా కూలాక మాత్రం, విండోస్ 11లో 2025లో తీసేసేదాకా, నీలం తెర మీద ఏడుపు మొహం గుర్తు పెట్టేవాళ్లు. ఎవడిక్కావాలి వాళ్ల పరామర్శ?

అన్నట్టు, విండోస్‌లోనూ వివరాలు చూపించే ఏర్పాటు ఉంది. ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాం తెరిచి, బూట్ ట్యాబ్‌లో ఓఎస్ బూట్ ఇన్ఫర్మేషన్‌కు టిక్ పెట్టాలి. కాకపోతే, అందుకు ముందు కంప్యూటర్ ఆన్ అవ్వాలి.