వరుణుడి మీద కేసు కొట్టివేయండి

మొన్న నాలుగు చినుకులు పడగానే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వార్త క్లిప్పింగు పెట్టారు. శీర్షిక ‘వరుణుడి ప్రతాపం’. ఎండాకాలంలో ఇదే గ్రూపులో ‘భానుడి భగభగలు’ నడిచింది. తుపాను వస్తే ‘కన్నెర్ర చేసిన ప్రకృతి’ ఎలాగూ ఉంటుంది. పదహారేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. ఈ మూడు శీర్షికలూ నా ఇంటి మీదుగానే వెళ్లాయి కాబట్టి చెబుతున్నాను: వరుణుడు నిర్దోషి. భానుడు కూడా. గత నలభై ఏళ్లలో సూర్యుడి నుంచి మనకు చేరే శక్తి పెరగలేదు. ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు.

చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు ఒక కిటుకు చెప్పేవారు. క్రియను పట్టుకుని ‘ఎవరు?’ అని అడగండి, కర్త దొరుకుతాడు అని. ఈ శీర్షికల్లో అలా అడిగితే దేవుళ్లు దొరుకుతున్నారు. దేవుళ్లకు నోటీసులు పంపలేం. మరి ఇంత సౌకర్యమైన కర్త ఇంకెవరు దొరుకుతారు!

2023 డిసెంబరు సంగతి చెబుతాను. మాది వేళచ్చేరి వైపు, పళ్లికరణై చిత్తడి నేలకు పెద్ద దూరం కాని వీధి. గ్రౌండ్ ఫ్లోర్. 4వ తేదీ తెల్లవారుజామున మంచం దిగితే కాలు నీళ్లలో పడింది. మధ్యాహ్నానికి ఆ నీళ్లు స్విచ్ బోర్డుకు జానెడు కింద దాకా వచ్చాయి. ఫ్రిజ్ వెల్లకిలా తేలుతూ వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది, పిలవని చుట్టంలా. సంప్‌లో డ్రైనేజీ నీళ్లు కలిశాయి. ఇంటి చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం సగం క్యాను. మేడ మీద వాళ్లింట్లో మూడు రోజులు తలదాచుకున్నాం. మమ్మల్ని ముంచిన మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మా అక్క ఉండేది ఆ పక్క పల్లెలోనే. ఫోను కలిసినప్పుడు తను అన్న మొదటి మాట: “మీ ఊరు ముంచేసి మా మీదకు తోలావా తమ్ముడూ!” తను నవ్వడానికే అంది. తన పొలం కౌలుకు చేసే రైతు మాత్రం నవ్వే స్థితిలో లేడు. కోసిన వరి పనల మీదే ఉండిపోయి, వారానికల్లా గింజలు మొలకెత్తాయి.

అంత నీరు ఎవరు తెచ్చారు? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. భూమి మీద అదనంగా పోగవుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. బంగాళాఖాతం పొయ్యి మీద ఎసరులా కాగుతుంటే పైనున్న మేఘం ఊరుకుంటుందా? 2024 సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కగట్టింది. ఏడాది సగటు 1.5 డిగ్రీలు దాటడం అదే మొదటిసారి. దీన్నీ మనం ‘వేడెక్కుతున్న భూగోళం’ అనే రాసుకుంటాం. పాలు పొంగినట్టు దానంతటదే వేడెక్కుతోందన్నమాట. తెలుగులో ‘వేడెక్కడం’ ఉంది, ‘వేడెక్కించడం’ కూడా ఉంది. రెండోది వాడితే మాస్టారి ప్రశ్న వెంటనే మీద పడుతుంది. అందుకే మొదటిదే మనకు ముద్దు.

కొంచెం చదువుకున్నవాళ్లు ‘మనిషి స్వార్థం’ అంటారు. ఏ మనిషండీ? 2022లో పాకిస్తాన్ వరదల్లో 3.3 కోట్ల మంది చిక్కుకున్నారు, 1,700 మందికి పైగా చనిపోయారు. ప్రపంచం వదిలే కర్బన ఉద్గారాల్లో ఆ దేశం వాటా ఒక శాతం కూడా లేదు. బొగ్గు, చమురు, గ్యాస్ మండించగా ఇప్పటిదాకా గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావు వంతు ఒక్క అమెరికాది. ఏడాదికి సగటు భారతీయుడి లెక్క రెండు టన్నుల చిల్లర అయితే, సగటు అమెరికన్‌ది దానికి ఆరేడు రెట్లు. సింధ్‌లో పత్తిచేను మునిగినవాడూ, సొంత విమానంలో తిరిగేవాడూ ఇద్దరూ ‘మనిషే’ అనడం లెక్క ఎగ్గొట్టే పద్ధతి.

ఈ వాక్యానికి కర్త కావాలని పట్టుబట్టినవాళ్లు లేకపోలేదు. 2019లో పసిఫిక్ దీవుల విద్యార్థులు, అక్కడి ద్వీపదేశం వనువాటులో న్యాయశాస్త్రం చదువుకుంటున్న పిల్లలు, ఈ విషయాన్ని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా తీసుకెళ్లాలని మొదలుపెట్టారు. ఎవరైనా నవ్వే ఆలోచనే. వనువాటు ప్రభుత్వం నవ్వలేదు, భుజాన వేసుకుంది. 2025 జూలై 23న ఆ కోర్టు ఏకగ్రీవంగా తన అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, అది తప్పితే నష్టపరిహారం దాకా వెళ్లవచ్చు. అది సలహా మాత్రమే, ఎవరి మెడలూ వంచదు. అయినా కర్త స్థానంలో ‘దేశాలు’ అని రాశారు చూశారా, నాకు అది చాలా పెద్ద సంగతి.

ఇక్కడే నా రెండో కోపం. దేవుళ్ల మీద నమ్మకం తగ్గినవాళ్లకు ఈమధ్య కొత్త దేవుడు దొరికాడు, పేరు వాతావరణ మార్పు. కాలువ పూడిక తీయలేదేమని అడిగితే, మొత్తం ప్రపంచంలోనే ఇలా ఉందండీ అంటారు. నిజమే, ఉంది. లిబియాలో డెర్నా పట్టణం మీద 2023 సెప్టెంబరులో కురిసిన వానకు వేడెక్కిన సముద్రం తోడైంది. కానీ వేలమందిని చంపింది, ఏళ్ల తరబడి మరమ్మతులకు నోచుకోక ఆ రాత్రి తెగిన రెండు డ్యాములు. చెన్నైలో 2015 వరదలను ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో మానవ నిర్మిత విపత్తు అనే అంది. 2015 డిసెంబరులో మునిగిన ఊరికే, నాలుగేళ్లు తిరక్కుండా, 2019 జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. మొదటి రైలులో 25 లక్షల లీటర్లు.

మనవాళ్లు ఎక్కువగా తిరిగే టి.నగర్‌నే చూడండి. వందేళ్ల కిందట అక్కడ లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువు ఉండేది. దాన్ని పూడ్చి కాలనీ కట్టారు. పశ్చిమ మాంబళంలో ఇప్పటికీ లేక్ వ్యూ రోడ్డు ఉంది, లేక్ లేదు. నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు ఉంది, హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిది బోర్డు చూసి చెరువు ఎక్కడని పాపం నిజంగానే వెతికాడు. ‘చెరువు మాయమైంది’ అంటే నాకు ఒళ్లు మండుతుంది. పూడ్చారు!

ఇంత ఆవేశంగా రాస్తున్నానా, మొన్న వేసవిలో ఏమైందో కూడా చెప్పాలి. అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు: ‘వర్షాభావం వల్ల బోర్లు ఎండిపోయినందున నీటి సరఫరా ఉదయం, సాయంత్రం గంట చొప్పున మాత్రమే.’ 2023 డిసెంబరులో స్విచ్ బోర్డు దాకా నీళ్లు నిలిచిన ఇల్లండీ ఇది! 12,000 లీటర్ల లారీ కోసం రోజుల తరబడి ఎదురుచూస్తున్నాం. ప్రతి భవనానికీ వాననీటి గుంత ఉండాలని తమిళనాడులో 2003 నుంచే నిబంధన ఉంది కదా, మనది ఏమైందని సెక్రటరీ గారిని తీసుకెళ్లి, వాచ్‌మన్ చేత మూత తీయించాను. లోపల గులకరాళ్లు, ఇసుక ఉండాలి. గడ్డకట్టిన సిమెంటు బస్తా ఒకటి, విరిగిన కమోడ్ మూత, ఎవరిదో పూలకుండీ, వాటి కింద నిండుగా పగిలిన టైల్స్. నీలం పువ్వుల టైల్స్. వరద తర్వాత మా వంటింట్లో మేస్త్రీ చేత పీకించినవి. చెత్త ఎక్కడ పోశావని నేను అప్పుడు అతన్ని అడగనే లేదు.

నోటీసు మార్చి రాయాలన్నాను. వర్షాభావం కాదు, గుంతను మేమే పూడ్చామని రాయమన్నాను. సెక్రటరీ గారు పెన్ను తీసి, “మేము అంటే ఎవరెవరు సార్?” అని అడిగారు.

ముందు నా ఫ్లాటు నంబరు వేయమన్నాను.