అటక దిగిన కంప్యూటర్

మా ఇంటి అటక మీద పదకొండేళ్లుగా ఒక కంప్యూటర్ కాపురముంటోంది. దానిని పైకెక్కించిన రోజున "ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాను. ఆ ఎప్పుడైనా ఎప్పుడో ఇంతవరకు తేలలేదు గానీ, దానికి తోడుగా ఒక ప్రింటర్, రెండు కీబోర్డులు, ఉబ్బిపోయిన సెల్‌ఫోన్ ఒకటి, ఏ యంత్రానివో బ్రహ్మదేవుడికి కూడా తెలియని ఛార్జర్లు గంపెడు వచ్చి చేరాయి.

2022లో ప్రపంచం మొత్తం మీద పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులనీ, అందులో పద్ధతి ప్రకారం రీసైక్లింగ్‌కు వెళ్లినట్టు లెక్క తేలినది 22.3 శాతమేననీ మా అమ్మాయి ఎక్కడో చదివి వినిపించింది. "మిగతాది ఎక్కడుందోనని వాళ్లను వెతుక్కోవద్దని చెప్పు, మన అటక మీదే ఉంది" అంది మా ఆవిడ. ఆదివారం దాకా గడువు ఇచ్చింది.

కంప్యూటర్‌ను వదులుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. నా బెంగంతా అందులోని హార్డ్ డిస్కు గురించే. ఫైలును డిలీట్ చేస్తే అది ఎక్కడుందో చెప్పే పద్దు మాత్రమే పోతుందనీ, ఆ చోట మరొకటి రాసేదాకా అసలు సరుకు అక్కడే పడి ఉంటుందనీ తెలిసినవాణ్ణి. గుమ్మం మీది పేరు పలక పీకేసినంత మాత్రాన ఇల్లు ఖాళీ అయినట్టా? డిస్కు నిండా సున్నాలు రాయించి తుడిచేయవచ్చు గానీ, అందుకు ముందు కంప్యూటర్ నిద్ర లేవాలి. అదేమో మీట నొక్కితే ఒక్క మూలుగు మూలిగి మళ్లీ పడుకుంది. ఇక డిస్కును స్వహస్తాలతో సంహరించడమే మార్గమని నిశ్చయించుకున్నాను.

పక్క రేకు తీయగానే పదకొండేళ్ల దుమ్ము నా ముఖాన ఒక్కసారిగా ఊపిరి వదిలింది. బూడిదరంగు పట్టీ తీగకు వేలాడుతున్న డిస్కును ఊడబీకాను. ఆ పట్టీ మరో పాయ లోపలికెటో పోతూ ఉంటే, సీడీ డ్రైవుకు కాబోలుననుకుని పట్టించుకోలేదు.

డిస్కు మూతకు బిగించిన మరలు మామూలువి కావు. వాటి తలలో ఆరు కోణాల నక్షత్రం ఆకారంలో గుంట ఉంటుంది, దానికి తగిన స్క్రూడ్రైవర్ మన ఇళ్లలో ఉండదు. నేను కూరగాయల చాకు కొనతో ప్రయత్నించి, చాకు కొనను పోగొట్టుకుని, చివరికి పక్కింటాయన దగ్గర ఆ పరికరం అరువు తెచ్చుకున్నాను. చుట్టూ ఉన్న ఆరు మరలూ తీసినా మూత కదలలేదు. గంటసేపు పెనుగులాడాక తెలిసింది, ఏడోది పైన అతికించిన చీటీ కింద దాక్కుందని. ఆ చీటీని చించకూడదని దాని మీద రాసి ఉండటం వల్ల, అంతవరకు దాని జోలికి వెళ్లకుండా మర్యాద పాటించాను.

లోపల పళ్లెం అద్దంలా మెరుస్తూ నా ముఖాన్ని నాకే చూపించింది. దాని పక్కన రెండు నియోడిమియం అయస్కాంతాలు ఉంటాయి. చూడబోతే బిళ్లంతే గానీ, వాటి పట్టు ఉడుం పట్టు. మొదటిదాన్ని బయటికి తీసి రెండోదానికి దగ్గరగా పెట్టడమే నేను చేసిన తప్పు. అవి రెండూ ఒక్క ఉదుటున కౌగిలించుకున్నాయి, మధ్యలో నా చూపుడువేలి చర్మం ఉంది. నా కేకకు వచ్చిన అమ్మాయి వాటిని ఎడంగా లాగడం మాని పక్కకు జరిపి విడదీసి, "నాన్నా, ఇక ఆ ఫోన్ జోలికి మాత్రం వెళ్లకండి" అంది. ఉబ్బిన లిథియం బ్యాటరీలో వాయువు నిండి ఉంటుందనీ, నొక్కినా గుచ్చినా అంటుకోవచ్చనీ చెప్పింది. ఆ ఫోన్ వెనక మూతను బలంగా అదిమి మూయాలని నేను అప్పటికి రెండుసార్లు ప్రయత్నించి ఉన్న సంగతి చెప్పలేదు.

ఆదివారం నాడు అన్నీ తీసుకుని సేకరణ కేంద్రానికి వెళ్లాను. పాత డబ్బా మానిటర్‌ను చంటిపిల్లాడిలా రొమ్ముకు హత్తుకుని మోశాను. ఎక్స్‌రేలు బయటికి రాకుండా దాని గాజులో సీసం కలిపేవారు కాబట్టి ఆ చంటిపిల్లాడు మంచి దిట్టమైనవాడు. అక్కడి కుర్రవాడు ఫోన్‌ను వేరే డబ్బాలో జాగ్రత్తగా పెట్టి, నేను సంచిలో తెచ్చిన డిస్కు ముక్కలను, కట్టు కట్టిన నా వేలిని మార్చి మార్చి చూశాడు.

"డిస్కును ఉన్నదున్నట్టుగా తెస్తే మా యంత్రంలో మీ కళ్లెదుటే తునకలు చేసేవాళ్లం కదా సార్" అన్నాడు. ఆ తర్వాత కంప్యూటర్ పెట్టెలోకి తొంగిచూసి, పట్టీ తీగ రెండో పాయను పట్టుకుని లాగి, దుమ్ము కొట్టుకున్న ఒక వస్తువును నా ముందు పెట్టాడు. "ఇదేమిటి సార్, ఇంకోటి వదిలేశారు?"

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి డిస్కు చెడిపోయినప్పుడు దాన్ని అలాగే ఉంచేసి, రెండోది పెట్టించాను. నేను చాకు విరగ్గొట్టుకుని, వేలు చితక్కొట్టుకుని సంహరించినది ఎప్పుడో చచ్చిన డిస్కు. నా బతుకంతా ఉన్నది ఇదిగో, నిక్షేపంగా బల్ల మీద ఉంది.

"యంత్రంలో వేసేయమంటారా?" అని అడిగాడు. వేసేయమనే నోరు తెరిచాను. కానీ అమ్మాయి చిన్నప్పటి ఫోటోలు అందులో ఉన్నాయేమో, ఒకసారి చూసుకుని ఇస్తే పోలేదా అనిపించింది.

ఖాళీ సంచిలో డిస్కు వేసుకుని ఇంటికి చేరేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. సంచిలోకి చూసింది. "ఎప్పుడైనా..." అని నేను మొదలుపెట్టేలోగా, మారుమాట లేకుండా వెళ్లి నిచ్చెన తెచ్చి అటకకు ఆనించింది.