సవరణ: ఉత్పత్తి వేరు, ఎగుమతి వేరు

మన రక్షణ పరిశ్రమ గురించి మొన్న పెట్టిన పోస్టులో, 2023-24లో దేశం 1.27 లక్షల కోట్ల రూపాయల ఆయుధాలు ఎగుమతి చేసిందని రాశాను. తప్పు. అది మొత్తం ఉత్పత్తి విలువ. ఎగుమతులు 21,083 కోట్లే, అంటే దాదాపు ఆరో వంతు. రెండు అంకెలూ ఒకే కాగితం మీద రాసుకుని, ఎక్కించేటప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి కొట్టేశాను. మిగతా సరుకు ప్రధానంగా మన సైన్యమే కొంటుంది. ఆ డబ్బు బడ్జెట్ నుంచి వచ్చేదే. కాబట్టి 'డాలర్ల వరద' అని నేను చేసిన హడావుడి కూడా వెనక్కి తీసుకుంటున్నాను. పైగా ఎగుమతుల ఘనతంతా ప్రభుత్వ సంస్థలకే కట్టబెట్టాను. ఆ ఏడాది అందులో 60 శాతం ప్రైవేటు కంపెనీలదే.

ఇంకొకటి. సైన్యానికి యుద్ధ వాహనాలు తయారుచేసే సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఇప్పటికీ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు (ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీలను నడిపిన సంస్థ) కింద ఉన్నట్టు రాశాను. అక్కడే రిటైరైన మా బాబాయి ఫోన్ చేసి, "బోర్డు ఎప్పుడో పోయిందిరా, నీకింకా తెలీదా?" అని ఒకటే నవ్వు. 2021 అక్టోబర్ 1న బోర్డు కింది 41 ఫ్యాక్టరీలను 7 ప్రభుత్వ కంపెనీలుగా విడదీశారు. ఎద్దుమైలారం వాటిలో ఒకటైన ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లింది. దాని ప్రధాన కార్యాలయం చెన్నై దగ్గర ఆవడిలో ఉంది.

ఉద్యోగాల లెక్క దగ్గర, ఫ్యాక్టరీ గేటు లోపల హాజరు పంచ్ కొట్టేవాళ్లనే లెక్కేశాను. బయట చిన్న షెడ్లలో లేత్ మిషన్ మీద బుష్‌లు, పిన్నుల్లాంటి చిన్న విడిభాగాలు తిప్పి సప్లై చేసేవాళ్లను వదిలేశాను. ఆ పేరా తీసేశాను.