పదిహేడో ప్రశ్న

మా వాడకట్టులో ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో చెప్పడానికి రెండే మాటలున్నాయి: ‘నిట్టు’ (అంటే వరంగల్ ఎన్ఐటీ, ఇంజినీరింగ్ కాలేజీ), ‘నిట్టు కాదు’. నేను రెండో రకం. అందులోనూ బీఏ. అందుకే నాటకాల మీద పరిశోధన చేసి రాసే ఇంటర్న్‌షిప్ వచ్చిందని, మూడు నెలలపాటు నెలకు ఎనిమిది వేలు ఇస్తారని చెప్పగానే మా నాయన టీవీ సౌండు తగ్గించాడు. నా కోసం ఆయన సౌండు తగ్గించడం అది రెండోసారి. మొదటిసారి నేను ఎంపీసీ వద్దన్న రోజు.

“నాటకం ఆడితే పైసలిస్తరు గనీ, చూస్తే ఇస్తరారా?”

“చూసుడు గాదు నాయనా. చూసి రాసుడు.”

“గా రాసింది ఎవలు చదువుతరు?”

దీనికి జవాబు మా సంస్థ దగ్గర కూడా ఉన్నట్టు నాకింతవరకు కనిపించలేదు. ఎదురింటి అక్కయ్య మాత్రం ‘థియేటర్’ అన్న ఒక్క మాట పట్టుకొని సంక్రాంతి సినిమాకు నాలుగు టికెట్లు చెప్పిపెట్టింది. బాల్కనీయే కావాలట.

నాకు పడ్డ అంశం చిందు యక్షగానం. రాత్రంతా సాగే ఆట. ఉత్తర తెలంగాణలో చిందు కళాకారులు తరతరాలుగా ఆడుతున్నారు. నిజామాబాద్ వైపు చిందుల ఎల్లమ్మ మగ వేషాలు కట్టి మెప్పించింది. మన జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా నేను గదిలో కూర్చొని రాసుకున్నదే. దానికి ముందు నాలుగు పేజీలు పాల్కురికి సోమనాథుడి మీద రాశాను. శివరాత్రికి శ్రీశైలంలో జరిగే ఆటపాటల్ని ఆయన పండితారాధ్య చరిత్రలో వర్ణించాడు కాబట్టి సంబంధం ఉంది. ఉన్నమాట చెప్పాలంటే, పేజీకి ఇన్ని మాటలుండాలని మా మేడం పెట్టిన లెక్కతో ఇంకా దగ్గరి సంబంధం ఉంది.

ఇక ఊరికి పోయి ఆట చూడాలి. మెడలో ఐడీ కార్డు, సంచిలో నలభై రెండు ప్రశ్నల జాబితా, చేతిలో ఫుల్లు చార్జింగుతో ఫోను. జనగామ దాటి లోపలికి ఒక ఊరు. పొద్దుగూకే వేళకు చేరాను. బడి వెనక చింతచెట్టు కింద చాపలు పరిచి కళాకారులు వేషాలు వేసుకుంటున్నారు. పక్కన కిరీటాలు, భుజకీర్తులు, గజ్జెలు. అందరికంటే పెద్దాయన ఒకరు చిన్న బండ మీద అర్దలం నూరుతున్నాడు. ముఖానికి పూసుకునే పసుపు రంగు అన్నమాట.

నేను గొంతు సవరించుకొని మొదటి ప్రశ్న చదివాను. “మీ కళారూపం యొక్క సామాజిక నేపథ్యాన్ని క్లుప్తంగా వివరించగలరా?”

తాత నూరుతున్న రాయి ఆపి నా వైపు చూశాడు. “అన్నం తిన్నవా బిడ్డా?” అన్నాడు.

పదహారో ప్రశ్నదాకా వరస ఇదే. నేనడిగేది ఒకటి, ఆయన చెప్పేది ఇంకొకటి. తీరా చూస్తే ఆయన చెప్పిందే బాగుండేది. పదిహేడో ప్రశ్న దగ్గర కథ మారింది. ‘ముఖాలంకరణ విధానాన్ని దశలవారీగా తెలపండి.’

“చెప్తే ఏం తెలుస్తది? కూసో,” అన్నాడు తాత.

కూర్చున్నాను. ఆయన రెండు వేళ్లతో నా ముఖమంతా అర్దలం పూశాడు. బుగ్గల మీద తెల్ల చుక్కలు, ముక్కు మీద ఎర్ర బొట్టు, కాటుకతో చెవులదాకా మీసం. చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు. “ఏం వేషం తాతా ఇది?” అనడిగితే “బుడ్డర్‌ఖాన్” అన్నాడు. ఆటలో జనాన్ని నవ్వించే పాత్ర. నీ ముఖానికి పెద్దగా కష్టపడే పని లేకుండె అని కూడా అన్నాడు. అది నేను రిపోర్టులో రాయలేదు.

ఆట మొదలయ్యాక కడుక్కుందామనుకున్నాను. కానీ ఆట మొదలయ్యాక ముఖం ఎవరికి గుర్తుంటుంది? మద్దెల దెబ్బకు నా కాళ్లు కూడా వాటంతటవే ఆడాయి. నలుగురు మనుషులు వాకిట్లో ఒక రాజ్యాన్ని నిలబెట్టారు. రాత్రి రెండింటికి నా పక్కనున్న అవ్వ రాణి కష్టాలకు ఏడుస్తూనే నాకు ఉడకబెట్టిన పల్లికాయలిచ్చింది. రికార్డు చేసీ చేసీ ఫోను సచ్చిపోయింది. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. ఎవరో తట్టి, “సారూ, ఫస్టు బస్సు పోతాంది,” అన్నారు. పది గంటలకు హనుమకొండలో మా రివ్యూ మీటింగు. ఉరికాను.

బస్సులో నాకు దొరికిన మర్యాద జన్మలో ఎన్నడూ దొరకలేదు. నిలబడడానికే చోటులేని బస్సు. ఆధార్ కార్డులు పట్టుకున్న ఆడవాళ్లు, టిఫిన్ డబ్బాల పిల్లలు. నేనెక్కగానే ఇద్దరు జరిగి సీటిచ్చారు. ఐడీ కార్డు మహిమ అనుకున్నాను. కండక్టర్ టికెటిస్తూ నా ముఖం చూసి, నోట్లో మాట మింగి, చిల్లర సరిగ్గా ఇచ్చాడు. అది అన్నిటికన్నా పెద్ద వింత. రఘునాథపల్లిలో దిగబోతూ ఒక ముసలమ్మ నా చేతిలో పది రూపాయలు పెట్టింది. “పొద్దుగాల్నే మంచిగ కనవడ్డవు బిడ్డా,” అంది. చదువుకునే పిల్లల మీద ఈ జిల్లాలో ఎంత ప్రేమో అని నా కళ్లు చెమర్చాయి. ఘనపూర్ దాటాక ముందు సీట్లోని చంటిపిల్ల నన్ను చూసి కాజీపేటదాకా ఏడ్చింది. పిల్లలకు పరిశోధన విలువ ఏం తెలుస్తుంది?

గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. “లోపల ప్రోగ్రాం ఉన్నదా సార్?”

“పది గంటలకు,” అన్నాను.

ఆలస్యమైంది. నేరుగా హాల్లోకి పోయి నా వంతు రాగానే లేచి చదవడం మొదలుపెట్టాను. అందరూ గుడ్లు మిటకరించి వింటున్నారు. నా రాతలో అంత పట్టు ఉందని నాకే తెలియదు. మూడో పేరాకు వచ్చాను. “పరిశోధకుడు తాను పరిశీలించే కళారూపం నుంచి ఎల్లప్పుడూ తగిన దూరం పాటించాలి. ఈ నియమాన్ని నేను కచ్చితంగా పాటించాను.”

ఎవరో టేబుల్ కింద దాక్కొని నవ్వారు. తోటి ఇంటర్న్ అమ్మాయి ఏమీ అనకుండా తన ఫోన్ కెమెరా నా వైపు తిప్పి పెట్టింది. అందులో బుడ్డర్‌ఖాన్ మెడలో ఐడీ కార్డు వేసుకొని నన్నే చూస్తున్నాడు. నిద్రలో ఒక పక్క మీసం చెరిగి గడ్డం కిందికి దిగింది.

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “పదిహేడో ప్రశ్నకు జవాబు రాయకు నాయనా, ఫోటో అతికించు చాలు,” అన్నారు.

అర్దలం సబ్బుకు పోలేదు. కొబ్బరినూనెతో రుద్దినా చెవుల వెనక వారం రోజులు పసుపు మిగిలింది. అంతా నిజాయతీగా రిపోర్టులో రాశాను. ముసలమ్మ ఇచ్చిన పది రూపాయలతో సహా. అదే కొంప ముంచింది. ఫీల్డు పనిలో వచ్చిన రాబడి సంస్థకే చెందుతుందని అకౌంట్స్ సారు ఎర్ర పెన్నుతో గీత గీశాడు. నెలాఖరుకు ఖాతాలో 7,990 రూపాయలు పడ్డాయి.

మెసేజ్ చూసి నాయన, “పది ఏమాయె?” అన్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన మూడోసారి టీవీ సౌండు తగ్గించాడు.

“నేను ముందుగాల్నే చెప్పలే? ఆడితేనే పైసలిస్తరని!”